క్రిమినాలజీ చదవబోతున్న చిట్టికి

చిట్టీ,

నీకు సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. ఇంట్లో ఇంకొకరు నా దారి పట్టారని పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

స్టాటిస్టిక్స్ క్లాసు ఎగ్గొట్టకు. సీరియల్ కిల్లర్ల సిరీస్‌లు చూసి ఈ చదువు ఎంచుకుని ఉంటే ఇప్పుడే చెబుతున్నా, నీ ముందుకు వచ్చేది చాలావరకు దొంగతనాలు, తాగుడు, ఇంటి గొడవలే.

లోంబ్రోసో అనే ఇటలీ డాక్టరు గురించి మొదట్లోనే చెబుతారు. దవడ, నుదురు చూసి పుట్టు నేరస్థుణ్ణి పోల్చుకోవచ్చని 1876లో పుస్తకం రాశాడు. మేమంతా నవ్వాం. తర్వాత నేనూ అలాంటి పనే చేశాను.

ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు జైల్లో ఒక కుర్రాడితో మాట్లాడమన్నారు. ఫైలు ముందే చదివేశాను. "కోపం వస్తే నీకు ఒళ్లు తెలియదు కదా?" అన్నాను. చొక్కా కింది గుండీ తిప్పుతూ "అవునండీ" అన్నాడు. "చిన్నప్పటి నుంచీ అంతే కదా?" "అవునండీ." అరగంటలో రిపోర్టు అయిపోయింది. కోపిష్టి అని రాసి, తనే ఒప్పుకున్నాడని కింద గీత కూడా గీశాను.

మా సీనియర్ అది చదివి, మర్నాడు నన్ను అతని దగ్గరికి తీసుకెళ్లారు. "నిన్న ఈవిడ కళ్లజోడు పెట్టుకుని వచ్చింది కదా?" అని అడిగారు. నేను అప్పటికి కళ్లజోడే వాడలేదు. కుర్రాడు నా వంక చూసి, "అవునండీ" అన్నాడు.

రిపోర్టు అప్పటికే పైకి వెళ్లిపోయింది. సవరణ రాసి పంపాను. అయినా ఆ కుర్రాణ్ణి చాలా నెలలు ప్రమాదకరమైన వాళ్ల మధ్యే ఉంచారు.

1974లో లాఫ్టస్, పామర్ అనే సైకాలజీ పరిశోధకులు కార్ల ప్రమాదం ఫిల్ము చూపించి వేగం ఎంతని అడిగారు. "తాకినప్పుడు" అని అడిగితే చూసినవాళ్లు సగటున గంటకు 32 మైళ్లన్నారు, "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అని అడిగితే దాదాపు 41. ఒక్క మాట తేడా! ఇది నీకు పరీక్షలో వస్తుంది. నాకైతే ఆ గుండీ గుర్తొస్తుంది.

నీకూ తొందర ఎక్కువ. గాజుగ్లాసు పగిలితే అడక్కుండానే తమ్ముడి మీదికి వెళ్లేదానివి. "ఆ రోజు ఏం జరిగింది?" అని అడిగి ఊరుకో. ఎదుటి మనిషి ఎంతసేపు మౌనంగా ఉన్నా నువ్వు మాట అందించకు.

అయినా తమ్ముడు రాత్రంతా ఏడిస్తే పక్కన కూర్చున్నదీ నువ్వే. అందుకే ఈ పనికి పనికొస్తావనిపిస్తుంది.

మొదటి ఇంటర్వ్యూ అయ్యాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. పేర్లూ, కేసూ నాకు చెప్పకూడదు. అన్నం తిన్నావో లేదో చెప్పు చాలు.

మీ పెద్దమ్మ