గోల్ఫ్ ఆటగాడు జస్టిన్ రోజ్ మేజర్లలో, అంటే గోల్ఫ్‌లోని నాలుగు అతిపెద్ద టోర్నీల్లో, గెలిచింది ఒక్కటే కదా, అతన్ని అంతగా ఎందుకు మెచ్చుకుంటారు?

నేను డాక్టర్ని. ఇంగ్లండ్‌లో సౌత్‌పోర్ట్ దగ్గర పదకొండేళ్లుగా ఉంటున్నాను. రోజ్ పేరు లోకానికి తెలిసింది ఈ ఊళ్లోని రాయల్ బర్క్‌డేల్ కోర్సులోనే.

1998లో ఇక్కడ బ్రిటిష్ ఓపెన్ జరిగింది, అదీ ఒక మేజరే. అప్పుడు అతనికి 17 ఏళ్లు, ఇంకా డబ్బు కోసం ఆడని అమెచ్యూరే. ఆఖరి రోజు ఆఖరి హోల్‌కి దాదాపు 50 గజాల అవతల, గడ్డిలో పడింది బంతి. అక్కణ్ణుంచి కొడితే ఏకంగా హోల్‌లోకి వెళ్లిపోయింది. నాలుగో స్థానం పంచుకున్నాడు, ఆ వెంటనే ప్రొఫెషనల్ అయ్యాడు. 2017లో ఓపెన్ మళ్లీ ఇక్కడికి వచ్చినప్పుడు ప్రాక్టీసు రోజున వెళ్లి ఆ 18వ గ్రీన్, అంటే హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. పక్కనున్న గడ్డి పిడికిట్లో పట్టుకుని లాగితే తెగలేదు, వేళ్లు మండాయి. అందులోంచి బంతిని లేపాలంటే మణికట్టులో ఎంత బలం ఉండాలి!

ఆ తర్వాత వరుసగా 21 టోర్నీల్లో కట్ మిస్సయ్యాడు. నాలుగు రోజుల పోటీలో రెండు రోజులయ్యాక వెనకబడ్డవాళ్లను పంపించేస్తారు, అదే కట్. శుక్రవారం సాయంత్రం బ్యాగు సర్దుకోవడమే, చేతికి పైసా రాదు. అలా 21 సార్లు!

ఈ సంగతి నాకు చెప్పింది మా వార్డులో చేరిన ఒక పెద్దాయన. అప్పటికి నాకు మూడు ఇంటర్వ్యూలు పోయాయి, తిరిగి ఇండియా వెళ్లిపోదామా అనుకుంటున్నాను. "ఆ ఆదివారం నేను అక్కడే ఉన్నాను. తర్వాత ఏడాదంతా శనివారం పేపర్లో ఆ అబ్బాయి పేరు వెతికేవాణ్ణి. ఉండేది కాదు" అన్నాడాయన. నా ఇంటర్వ్యూల గురించి ఆయనకు తెలియదు. ఆ రాత్రి డ్యూటీ దిగాక రోజ్ గురించి దొరికిందల్లా చదివాను.

నిలదొక్కుకోవడానికి అతనికి 2002 దాకా పట్టింది. ఆ ఏడాది నాలుగు టైటిళ్లు గెలిచాడు, బ్రిటిష్ మాస్టర్స్ వాటిలో ఒకటి. అదే సెప్టెంబరులో చిన్నప్పటి నుంచీ ఆట నేర్పిన తండ్రి కెన్ లుకేమియాతో పోయాడు.

మీరన్న ఆ ఒక్క మేజర్ 2013 యూఎస్ ఓపెన్. అమెరికాలోని మెరియన్ కోర్సులో 18వ హోల్ పొడవు 521 గజాలు, పార్ 4, అంటే నాలుగు షాట్లలో ముగించాల్సింది. ఫోర్ ఐరన్ అనే కర్రతో కొట్టిన రెండో షాట్ గ్రీన్ దాటి అంచున ఆగింది. బంతిని దొర్లించే పుటర్ పక్కన పెట్టి, దూరం కొట్టే త్రీ వుడ్‌తో మెల్లగా తోశాడు, బంతి హోల్ పక్కకొచ్చి ఆగింది. పార్ పూర్తిచేసి ఆకాశం వైపు చూశాడు. ఆ రోజు ఫాదర్స్ డే. నేనా దృశ్యం ఎన్నిసార్లు చూశానో. 1970లో టోనీ జాక్లిన్ తర్వాత యూఎస్ ఓపెన్ గెలిచిన మొదటి ఇంగ్లిష్‌వాడు ఇతనే.

2016 రియోలో ఒలింపిక్ స్వర్ణం, 2018లో ప్రపంచ నంబర్ వన్, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నన్ను కదిలించేది 2025 మాస్టర్స్, అదీ మేజరే. 44 ఏళ్ల వయసులో ఆఖరి రోజు 66 షాట్లలో ముగించి, స్కోర్లు సమానమైతే ఆడించే ప్లేఆఫ్‌లో రోరీ మెకిల్‌రాయ్ చేతిలో ఓడిపోయాడు. 2017లోనూ అక్కడే, ప్లేఆఫ్‌లోనే, సెర్జియో గార్సియా చేతిలో. ఇంకెవరైనా అయితే అక్కడితో సరిపెట్టుకునేవారు. ఆ ఆగస్టులోనే అమెరికాలోని మెంఫిస్‌లో జరిగిన టోర్నీలో మళ్లీ ప్లేఆఫ్‌కి వెళ్లి, ఈసారి గెలిచాడు.