డార్క్‌లింగ్ అంటే చిన్న చీకటా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో ఇంగ్లీషు చదువుతోంది. నైటింగేల్ పిట్ట మీద కీట్స్ రాసిన పద్యంలో ‘డార్క్‌లింగ్ ఐ లిజన్’ అని ఉంది. డక్‌లింగ్ అంటే బాతుపిల్ల కాబట్టి డార్క్‌లింగ్ అంటే ‘చిన్న చీకటి’ అని తను కొన్న గైడులో ఉందట. నిజమేనా అండీ?
— ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: కాదండీ. బాతుపిల్లలో ఉన్న ‘లింగ్’ వేరు, ఇది వేరు. పాత ఇంగ్లీషులో మాట చివర ఈ ‘లింగ్’ చేరిస్తే ‘ఏ తీరున’ అన్నది తెలిసేది, ఇప్పటి హెడ్‌లాంగ్ (తల ముందుకు పెట్టి, తలకిందులుగా) కూడా ఒకప్పుడు హెడ్‌లింగే. డార్క్‌లింగ్ అంటే చీకట్లో. మన వైపు ‘చీకటితోనే లేచి చేలోకి వెళ్ళాడు’ అంటాం కదా, అక్కడ చీకటి ఆ మనిషి లేచిన తీరు చెబుతుంది. ఇదీ అలాంటిదే.

షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’లో విదూషకుడు కొవ్వొత్తి ఆరిపోయింది, మనం డార్క్‌లింగ్ మిగిలాం అంటాడు. తుఫాను రాత్రి కరెంటు పోయి, ఉన్న ఒక్క లాంతరూ గాలికి ఆరిపోతే మనం ఎలా మిగులుతామో అలాగన్నమాట.

నాకు ప్రాణం మాత్రం మిల్టన్ వాడిన చోటు. 1667లో వచ్చిన ‘పారడైజ్ లాస్ట్’ మూడో భాగంలో, అప్పటికే చూపు పోయిన ఆ కవి, రాత్రి నిద్రపోకుండా ‘డార్క్‌లింగ్’ పాడే పిట్టతో తనని పోల్చుకుంటాడు. కీట్స్ ఆ కావ్యాన్ని పక్కన నోట్సు రాసుకుంటూ చదివినవాడు. 1819లో తను రాసేటప్పటికి మాట అదే, పిట్టా అదే, కానీ చీకట్లో ఉన్నది పాడే పిట్ట అని కాకుండా వినే మనిషి అని చెప్పాడు, నాకు ఒళ్ళు పులకరించేది అక్కడే. 1900లో ఇంగ్లీషు కవి హార్డీ ఒక ముసలి థ్రష్ పిట్ట మీద రాస్తూ మాటని మళ్ళీ పిట్టకే ఇచ్చాడు.

మీ అమ్మాయిని ఆ లైనుకి ముందున్న చరణం కూడా చదవమనండి. కాళ్ళ దగ్గర ఏం పూలున్నాయో కనిపించక, ఒక్కో పువ్వునీ వాసనతో పోల్చుకుంటాడు కీట్స్. రాత్రిపూట పెరట్లో లైటు తీసేసి నిలబడితే సన్నజాజి ఎటువైపుందో మనకి ముక్కే చెబుతుంది చూడండి, అలాగే. ఆ వాసనల తర్వాత వస్తుంది ‘డార్క్‌లింగ్ ఐ లిజన్’. పరీక్షలో ‘చీకట్లో ఉండి వింటున్నాను’ అనే అర్థమే రాయమనండి.