డిజైనర్‌ను పిలిచే ముందు

పర్లాకిమిడి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

ఉభయకుశలోపరి. నువ్వు బరంపురంలో మన తెలుగు సంఘానికి కార్యదర్శివయ్యావని మీ అమ్మ ఫోనులో చెబితే పొంగిపోయాను. ఆ వెంటనే, "వచ్చీ రాగానే వెబ్‌సైట్ మార్పిస్తోందట అన్నయ్యా, కొటేషన్లు కూడా అడిగేసింది" అంది. అక్కడ గుండె ఒకసారి ఝల్లుమంది. ఆ కుర్చీలో 12 ఏళ్లు కూర్చున్నవాణ్ణి. ఇదే పని తలకెత్తుకుని, 14 నెలలు ఈడ్చి, సగంలో వదిలేసినవాణ్ణి కూడా నేనే. అందుకే ఈ ఉత్తరం పొడవుగా ఉంటుంది. తీరికగా చదువు.

ఆ కొటేషన్లను కొన్నాళ్లు సొరుగులో పెట్టు. ఇల్లు మారేవాళ్లు లారీని వాకిట్లోకి పిలిపించుకుని, ఆ తర్వాత అటక మీద ఏముందో చూడటం మొదలుపెడితే ఎలా ఉంటుందో ఊహించుకో. నేను సరిగ్గా అదే చేశాను. మాకు దొరికిన డిజైనర్ పనిమంతుడు. మొదటి వారంలోనే "మీ సమాచారం ఇవ్వండి" అన్నాడు. మా దగ్గర సమాచారం లేదు, అభిప్రాయాలున్నాయి. కార్యవర్గంలో 15 మంది, 15 అభిప్రాయాలు. అధ్యక్షులవారి ఫొటో ఎంత పెద్దగా ఉండాలన్న దాని మీద రెండు సమావేశాలు నడిచాయి. గ్రంథాలయం ఎన్ని గంటలకు తెరుస్తారో ఎక్కడ రాయాలన్న సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

ముందు తాళంచెవులు వెతుకు. మన సైట్‌ను 2009లో ఒక సభ్యుడి కొడుకు పైసా తీసుకోకుండా చేసిపెట్టాడు. డొమైన్‌ను, అంటే సైట్ చిరునామా పేరును, తన సొంత ఈమెయిల్‌తోనే నమోదు చేశాడు. తర్వాత ఉద్యోగం మీద విదేశం వెళ్లాడు, ఆ ఈమెయిల్ తెరవడం మానేశాడు. గడువు ముగుస్తోందన్న హెచ్చరికలన్నీ ఆ పాడుబడ్డ పెట్టెలో పడ్డాయి. ఒకనాడు పొద్దున చూస్తే సైట్ లేదు. డాట్ ఆర్గ్ లాంటి పేర్లకు గడువు తీరి రద్దయ్యాక కూడా 30 రోజులపాటు అదనపు రుసుముతో విడిపించుకునే వీలుంటుంది కాబట్టి బతికిపోయాం. అదీ దాటితే ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ అబ్బాయిని తప్పుపట్టను. ఎవరి పేరు మీద ఉందని ఆరేళ్లలో ఒక్కసారైనా అడగని నాదే తప్పు.

డొమైన్ ఎక్కడ కొన్నారు, హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉండే చోటు) ఎవరి దగ్గర, సైట్ లోపలికి వెళ్లే లాగిన్ ఎవరికి తెలుసు, ప్రతిదానికీ ఏ ఫోనుకు ఓటీపీ వెళుతుంది, ఏటా ఎవరి కార్డు నుంచి డబ్బు కడుతున్నారు, ఇవన్నీ ఒక కాగితం మీదికి తెచ్చుకో. అన్నీ సంఘం పేరు మీదికి, కార్యదర్శి మారినా మారని ఈమెయిల్‌కు మార్పించు. ఇంకో చిక్కుంది. మన సంఘం ఈమెయిల్ కూడా ఆ డొమైన్ మీదే నడుస్తోంది. కొత్తవాళ్లు నేమ్ సర్వర్లు, అంటే ఆ పేరు ఎక్కడికి దారితీయాలో చెప్పే యంత్రాలు, మార్చేటప్పుడు మెయిల్‌కు సంబంధించిన రికార్డులు వెంట తీసుకెళ్లడం మరిచారో, కొత్త సైట్ ధగధగ మెరుస్తూనే ఉంటుంది, పిల్లల ఉపకార వేతనాల దరఖాస్తులు మాత్రం మనకు చేరవు. ఇప్పుడున్న రికార్డులన్నీ మార్పుకు ముందే రాసి పెట్టుకో.

తాళంచెవులతోపాటు పూర్తి బ్యాకప్ కూడా. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. మన కార్యాలయం కిటికీ ఊడిపోయి కంప్యూటర్ తడిసిపోయింది. సైట్‌కు ఎక్కించిన ఉగాది ఉత్సవాల చిన్న ఫొటోలు మిగిలాయి గానీ అసలు పెద్దవి పోయాయి. బ్యాకప్ ఉంది, లేకపోలేదు. అదే బల్ల సొరుగులో, అదే వానలో. అందుకే చెబుతున్నా, ఒక ప్రతి బరంపురం దాటి ఉండాలి. ఇక్కడ మా ఇంట్లో పెట్టినా సరే.

తర్వాత కార్యాలయంలో ఫోను పక్కన ఒక నోటుబుక్కు పెట్టించు. నెల రోజులపాటు ఎవరు ఫోను చేసినా, ఎవరు గుమ్మం ఎక్కినా ఏం అడిగారో ఒక్క వాక్యం రాయమను. ఈ పని నేను చాలా ఆలస్యంగా, ప్రాజెక్టు మూలన పడ్డాక చేశాను. సగానికి పైగా కల్యాణమండపం ఏ తేదీల్లో ఖాళీ, అద్దె ఎంత అని అడిగినవాళ్లే. ఉపకార వేతనం చివరి తేదీ ఆ తర్వాత. ఫలానా పుస్తకం ఉందా అని కొందరు. సంఘం చరిత్ర గురించి ఆ నెలలో ఒక్కరే అడిగారు, అదీ పరిశోధన చేస్తున్న విద్యార్థి. మరి మన హోం పేజీలో ఏముందంటావు? అధ్యక్షుల సందేశం, కార్యదర్శి సందేశం, కదిలే పూల తోరణం. ఆ రెండో సందేశం నేను రాసిందే. దాన్ని నిస్సంకోచంగా తీసేయ్.

ఆ నోటుబుక్కు చేతిలో పెట్టుకుని ఇప్పుడున్న ప్రతి పేజీనీ తెరువు. ఏ పేజీ దేని గురించి, చివరిసారి ఎప్పుడు మారింది, అందులో తప్పొప్పులకు ఎవరిది పూచీ, ఉంచాలా, తిరగరాయాలా, తీసేయాలా అని పట్టిక వేయి. విసుగొచ్చే పని, నిజమే. తీసేద్దామనుకున్న పేజీలు కూడా సంఘం చరిత్రలో భాగమే కాబట్టి వాటిని విడిగా దాచు. మధ్యలో పోయిన పాత పేజీల కోసం వెబ్ పేజీల పాత నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో వెతుకు. మనవి కొన్ని అక్కడ దొరికాయి నాకు.

చాలా పేజీల్లో ఇంకా "ఒరిస్సా" అనే ఉంది. రాష్ట్రం పేరు 2011లోనే ఒడిశాగా మారింది. మన చిరునామా అయితే ఇంకా తమాషా. కొందరు బెర్హంపూర్ అని, కొందరు బ్రహ్మపుర్ అని వెతుకుతారు, మనం బరంపురం అంటాం. పశ్చిమ బెంగాల్లోనూ దాదాపు ఇదే పేరుతో ముర్షీదాబాద్ జిల్లా కేంద్రం ఉంది. ఒక దాత మన గ్రంథాలయానికి పంపిన పుస్తకాల పార్సిల్ ఆ ఊరంతా తిరిగి మూడు వారాలకు మన దగ్గరికి వచ్చింది. కాబట్టి మూడు పేర్లూ, గంజాం జిల్లా, ఒడిశా, 760001 అని పూర్తిగా రాయించు.

ఇక భాష. మన సంఘానికి అసలు కష్టం ఇదే. బయటి డిజైనర్‌కు ఇది తోచదు కూడా. మా తరంలో కొందరు తెలుగు బడిలో చదువుకున్నాం. మీ పిల్లలు ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ చదవాలంటే ఒడియా లిపి కావాలి. మన భజన బృందంలో త్యాగరాజ కీర్తనలను ఒడియా అక్షరాల్లో రాసుకుని పాడే ఆడపిల్లలున్నారు, చూశావు కదా. సూరత్‌లోనూ బెంగళూరులోనూ పుట్టిన పిల్లలకు ఇంగ్లీషు తప్ప లిపి లేదు. ఒరిస్సా విడి ప్రావిన్సుగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1న గీసిన సరిహద్దు ఇది, ఒక్క డిజైన్‌తో తీరేది కాదు. "మూడు భాషల్లో సైట్" అని ఒక్క ముక్కలో ఒప్పందంలో రాసేస్తే మాత్రం చిక్కుల్లో పడతావు. ప్రతి పేజీ మూడు భాషల్లో ఉండాలంటే, మారిన ప్రతిసారీ మూడు చోట్లా మార్చాలి. ఎవరు మారుస్తారు? నా మాట వింటే, ఉపకార వేతనం నిబంధనలు, మండపం వివరాలు, చిరునామా, ఈ మూడూ మూడు భాషల్లోనూ ఉంచు. సాహిత్య వ్యాసాలు తెలుగులోనే ఉండనీ. పుస్తకాల జాబితాలో పేరు తెలుగులో రాసి పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఇస్తే, తెలుగు టైపు చేయడం రానివాళ్లు వెతుక్కోగలరు. ఒడియా అనువాదాన్ని యంత్రానికి అప్పగించినా ఫరవాలేదు గానీ, మన ఒడియా మాస్టారు ఒకసారి చదవనిదే పైకెక్కించకు.

పాత పేజీల్లో తెలుగు చాలా వరకు అను ఫాంట్లలో టైపు చేసినది. కంటికి తెలుగే, కంప్యూటర్‌కు మాత్రం అవి అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు. వెతికితే దొరకవు, ఫోనులో పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. ఏ కంప్యూటరైనా, ఫోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి, అయితే వత్తులు, గుడింతాలు అక్కడక్కడ చెదిరిపోతాయి. మన పుస్తకాల జాబితాలో 3,200 పేర్లున్నాయి. మార్చాక ప్రతి పేరునూ మనిషి కళ్లతో చూడాలి. ఇద్దరు కూర్చున్నా వారాలు పట్టే పని. డిజైనర్ గడియారం నడుస్తుండగా కాదు, ఇప్పుడే మొదలుపెట్టించు.

డిజైనర్లు నమూనా పేజీల్లో ఏదో ఇంగ్లీషు వాచకం నింపి చూపిస్తారు. చూడముచ్చటగా ఉంటుంది. ఒప్పుకోకు. మన సొంత వాక్యాలు పెట్టి చూపించమను. "లక్ష్మి", "స్వాతంత్ర్యం" లాంటి మాటలున్న రెండు పంక్తులు ఒకదాని కింద ఒకటి పెడితే, పై పంక్తి వత్తులు కింది పంక్తి తలకట్టుకు తగులుతున్నాయో లేదో ఇట్టే తేలిపోతుంది. ఇంగ్లీషుకు సరిపోయిన ఎడం మనకు చాలదు. ఇంగ్లీషులో నాలుగు అక్షరాల బటన్ మన భాషలో రెండు పంక్తులవుతుంది. ఇవన్నీ కార్యాలయం కంప్యూటర్లో కాక, మన వాచ్‌మన్ దగ్గరున్న పగిలిన ఫోనులో చూడు. అక్షరానికీ నేపథ్యానికీ వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. లేత పసుపు మీద తెల్ల అక్షరాలు కావాలని ఎవరైనా పట్టుబడితే ఆ అంకె చూపించు. వాళ్లతో వాదించే పని తప్పుతుంది.

ఉపకార వేతనాల పాత జాబితాల్లో పిల్లల పేర్లు, మార్కులు, తండ్రుల ఫోను నంబర్లు ఇంకా అలాగే ఉన్నాయి. అవి నేను పెట్టించినవే, అప్పట్లో గర్వంగా పెట్టించాను. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటోంది. కొత్త సైట్ దాకా ఆగకుండా ఈ వారమే తీయించు.

నిర్ణయం ఎవరిదో మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. ముగ్గురిని ఉపసంఘంగా వేసి, వాళ్లలో చివరి మాట నీదని తీర్మానం చేయించు. మిగతా 12 మంది సలహాలు ఫలానా తేదీ దాకా స్వీకరిస్తామని కూడా అందులోనే రాయించు. పెద్దలు నొచ్చుకుంటారని భయపడకు. అడగలేదంటే నొచ్చుకుంటారు గానీ, అడిగి తేదీ పెడితే ముగ్గురు నలుగురికి మించి రాయరు. ఎన్నికలు రెండేళ్లకోసారి కాబట్టి పని ఈ కార్యవర్గం హయాంలోనే ముగిసేలా చూడు. మా ప్రాజెక్టు ఎన్నికలు దాటింది. కొత్తవాళ్లకు రంగు నచ్చలేదు. దాంతో ఆగిపోయింది.

ఇవన్నీ అయ్యాక రెండు పేజీల్లో మనకు కావలసింది రాసి, అదే కాగితాన్ని ముగ్గురు డిజైనర్లకు ఇచ్చి కొటేషన్లు మళ్లీ తెప్పించుకో. డిజైనూ కోడూ సంఘానివే అని, డబ్బు విడతలుగా అని, ఎన్నిసార్లు మార్పులు అడగవచ్చు అని, మన గుమాస్తాకు నేర్పాలి అని రాయించు. పాత పేజీల చిరునామాలు కొత్తవాటికి మళ్లించడం కూడా వాళ్ల పనే అని స్పష్టంగా ఉండాలి. మండపం రసీదుల మీద, పుస్తకాల ముద్రల మీద పాత లింకులే ఉన్నాయి. ఏటా అయ్యే ఖర్చును బడ్జెట్‌లో విడిగా చూపించు. ఆ పద్దు లేక ఆగిపోయిన సైట్‌ను చూసినవాణ్ణి.

ప్రారంభానికి ఉగాది ముహూర్తం పెట్టమని నీ మీద ఒత్తిడి వస్తుంది. పెట్టకు. ఆ రోజు ఏదైనా చెడితే బాగుచేసేవాడు ఉండడు. రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర ఉన్న ఏడు అయితే ఆ నెలంతా మన వీధుల్లో మనిషి చేతికి దొరకడు. ఏ మంగళవారమో చడీచప్పుడు లేకుండా మార్చి, రెండు వారాలు చూసుకుని, ఉగాదికి దీపం వెలిగించుకోండి. కొబ్బరికాయ నేనొచ్చి కొడతాను.

కార్యాలయం బీరువా రెండో అరలో ఎర్ర అట్ట పుస్తకం ఒకటుంది, చివరి నాలుగు పేజీల్లో నాకు తెలిసిన లాగిన్లన్నీ రాశాను. కొట్టేసినవి పనిచేయవు. బీరువా తాళం వచ్చే ఆదివారం ఇచ్ఛాపురం మీదుగా వస్తున్న మీ బావ చేతికిచ్చి పంపుతున్నాను. పుస్తకం తీశాక ఆ పాస్‌వర్డ్‌లన్నీ మార్చేయ్, నాకు కూడా చెప్పకు.

ఇట్లు,
మీ మామయ్య