17 ఏళ్ల అబ్బాయి యూరప్ వెళ్తానంటే, ముందు లెక్క రాయించండి

మీరు ఇంగ్లండ్ వచ్చి ఏడాదిన్నర అయిందని, మీ అబ్బాయి ఎ-లెవెల్స్ (మన ఇంటర్ లాంటివి) పరీక్షలు అయ్యాక ముగ్గురు స్నేహితులతో పారిస్, ఇటలీ తిరిగొస్తానంటున్నాడని రాశారు. పెద్దవాళ్లెవరూ వెంట ఉండరు. పంపాలా వద్దా అని అడిగారు. నేను రెడింగ్‌లో 19 ఏళ్లుగా ఉంటున్నాను. 2024 వేసవిలో మా అమ్మాయి అచ్చంగా ఇదే అడిగింది. వారం రోజులు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే మీ టెన్షన్ నాకు బాగా తెలుసు.

అవునని గానీ కాదని గానీ ఇప్పుడే చెప్పకండి. "ఏ రోజు ఎక్కడుంటారు, ఎక్కడ పడుకుంటారు, ఎంతవుతుంది, అన్నీ రాసి తీసుకురా, అప్పుడు మాట్లాడదాం" అనండి. ఆ కాగితం చూశాక మీకే తెలుస్తుంది, పంపొచ్చో లేదో.

మన దగ్గర 15 ఏళ్ల పిల్లల్ని ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో చేర్చి రెండేళ్లు వదిలేసేవాళ్లం కూడా ఇక్కడ 12 రోజుల ప్రయాణానికి బెంబేలెత్తిపోతాం. అందులో తప్పేం లేదు. ఆ హాస్టల్లో గంట కొడితే తినడం, గంట కొడితే చదవడం. ఏ రైలెక్కాలి, ఈ రోజు ఎంత ఖర్చు పెట్టాలి అని పిల్లలు తేల్చుకోవాల్సిన అవసరమే రాదు. ఇక్కడ ప్రతి పూటా తేల్చుకోవాలి. ఆ అలవాటు ఇంట్లో ఉండగానే, కాగితం మీద మొదలుపెట్టించొచ్చు.

లెక్క కంటే ముందు ఒక్క విషయం. మీ అబ్బాయిది ఇండియన్ పాస్‌పోర్టు. మిగతా ముగ్గురిదీ బ్రిటిష్ పాస్‌పోర్టు అయితే వాళ్లకు వీసా గొడవ లేదు, ఇవాళ అనుకుంటే ఇవాళే టికెట్లు కొనేస్తారు. మీవాడికి షెంగెన్ వీసా కావాలి, ఫ్రాన్స్, ఇటలీతో పాటు యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా అది. ఆ సంగతి మొదటి రోజే స్నేహితులకు చెప్పమనండి. లేకపోతే వాళ్లు బుక్ చేసేసుకుని, వీడొక్కడే వెనక మిగిలిపోతాడు. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటాడో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి ఆ 15 రోజుల మాట నమ్ముకోకండి. ఫీజు 90 యూరోలు, దానిపైన దరఖాస్తు తీసుకునే వీసా సెంటర్ వాళ్ల చార్జీ. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ఇన్సూరెన్స్ చూపించాలి. 18 నిండలేదు కాబట్టి మీ ఇద్దరి అనుమతీ కావాలి. పాస్‌పోర్టు గడువు కూడా చూడండి. చిన్నప్పుడు తీసుకున్న ఇండియన్ పాస్‌పోర్టు 5 ఏళ్లకు గానీ 18 నిండగానే గానీ, ఏది ముందైతే అప్పుడు ముగిసిపోతుంది. కొత్తది వస్తే ఆ నంబరు అతని ఈవీసా (ఆన్‌లైన్‌లో ఉండే బ్రిటన్ వీసా) ఖాతాలో మార్చడం మరవకండి, తిరిగొచ్చేటప్పుడు విమానం ఎక్కనిచ్చేది అది చూసే.

వీసాకు ఇచ్చేది కాక, వెంట ఉంచుకోవడానికి ఇంకో అనుమతి లేఖ రాసి, సొలిసిటర్ (లాయరు) దగ్గర మీ ఇద్దరూ సంతకాలు చేయండి. తేదీలు, పాస్‌పోర్టు నంబర్లు, మీ ఇద్దరి ఫోన్ నంబర్లు ఉండాలి. మన ఇళ్లలో అమ్మ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, పిల్లలకు నాన్న ఇంటిపేరు మామూలే. ఇక్కడి అధికారులకు అది వింతగా తోస్తుంది. జనన ధ్రువపత్రం కాపీ కూడా పెట్టండి, అది తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదంతో.

ఇక లెక్క. మా అమ్మాయి మొదట తెచ్చిన కాగితంలో ఐదు వరుసలే ఉన్నాయి: రైళ్లు, విమానం, హాస్టళ్లు (ప్రయాణికులకు రాత్రికి మంచం అద్దెకిచ్చేవి), తిండి, మ్యూజియంలు. మొత్తం 620 పౌండ్లు. నేనేమీ దిద్దలేదు, ప్రశ్నలు మాత్రం అడిగాను. రోమ్ నుంచి వచ్చే విమానంలో బ్యాగుకు విడిగా కట్టాలా? హాస్టల్లో సిటీ టాక్స్ ఎంత? గది ఖాళీ చేశాక రాత్రి రైలు దాకా సామాను ఎక్కడ పెడతారు, దానికెంత? బట్టలు ఎక్కడ ఉతుకుతారు? స్టేషన్లో టాయిలెట్‌కు కూడా డబ్బులు పెట్టాలని తెలుసా? ఒక్కో ప్రశ్నకు ఒక వరుస పెరిగింది. మూడో కాగితం 905 పౌండ్లకు చేరింది. అప్పుడు నలుగురూ కూర్చుని, మమ్మల్ని అడక్కుండానే, వెనిస్‌ను ప్రయాణంలోంచి తీసేశారు. ఆ రోజే నాకు సగం భయం పోయింది.

డబ్బులు ఎవరివన్నది కూడా ముఖ్యమే. మా అమ్మాయి శనివారాలు ఒక బేకరీలో పనిచేసి 450 పౌండ్లు దాచుకుంది, మిగతాది మేమిచ్చాం. అప్పట్లో 18 లోపు వాళ్లకు గంటకు కనీస వేతనం 6.40 పౌండ్లు. పారిస్‌లో ఫలానా చోట భోజనం చేద్దామని ఎవరో అంటే, "అది మూడు గంటల పని" అందట. మీరు చేయకూడని పని ఒకటుంది. మనవాడు ఇబ్బంది పడకూడదని ఎవరికీ చెప్పకుండా అదనంగా 200 పౌండ్లు వేయడం. నలుగురి లెక్క ఒకటిగా ఉన్నప్పుడు ఒకడి చేతిలో ఎక్కువుంటే మిగతా ముగ్గురూ చిన్నబుచ్చుకుంటారు.

రైళ్ల దగ్గర పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇంటర్‌రైల్ పాస్ విషయంలో, అంటే చాలా యూరప్ దేశాల రైళ్లకు కలిపి కొనే ఒకే పాస్. పాస్ కొంటే ఇక అన్నీ అయిపోయినట్టే అనుకుంటారు. ఫ్రాన్స్, ఇటలీల్లో వేగంగా వెళ్లే రైళ్లకు, లండన్ నుంచి పారిస్ వెళ్లే యూరోస్టార్‌కు, పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ విడిగా కొనాలి. జర్మనీ, ఆస్ట్రియాల్లో అయితే చాలా రైళ్లకు ఆ అవసరం లేదు. మీవాళ్ల దారి పారిస్, ఇటలీ కాబట్టి ముందుగా కొనే విడి టికెట్ల ధరతో పోల్చి చూడమనండి. మావాళ్లకు విడి టికెట్లే చవకగా వచ్చాయి. ఇటలీలో ప్రాంతీయ రైళ్ల కాగితం టికెట్‌ను ఎక్కే ముందు స్టేషన్లో మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా వేస్తారు. కార్డుతో కట్టేటప్పుడు పౌండ్లలోనా యూరోల్లోనా అని మెషిన్ అడుగుతుంది, యూరోలే నొక్కాలి.

తిండికి సూపర్‌మార్కెట్, హాస్టల్ వంటగది చాలు. కందిపొడి డబ్బా ఒకటి పెట్టండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, ఇక్కడి నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లనివ్వరు. రోమ్‌లో వీధి కుళాయిల్లో మంచినీళ్లు వస్తాయి, సీసా పట్టుకెళ్తే నీళ్ల ఖర్చే ఉండదు.

ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఇచ్చే జీహెచ్‌ఐసీ అనే ఆరోగ్య కార్డు ఉచితం. దాంతో అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం దొరుకుతుంది గానీ, ఇంటికి తీసుకొచ్చే ఖర్చు అందులో రాదు. ఇన్సూరెన్స్ కొనేటప్పుడు, పెద్దవాళ్లు లేకుండా వెళ్లే 18 లోపు పిల్లలకు వర్తిస్తుందో లేదో చదవండి, కొన్నిటికి వర్తించదు. అత్యవసరానికి 112 నంబరు అన్ని ఫోన్లలో ఉండాలి.

17 ఏళ్ల వయసు ఒక చోట కలిసొస్తుంది. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం, ఇటలీలో కొలోసియం, ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ లాంటి ప్రభుత్వ మ్యూజియంలు 18 లోపు వాళ్లకు ఉచితం, టైమ్ స్లాట్ మాత్రం ముందే తీసుకోవాలి. ఇంకో చోట అదే వయసు అడ్డం పడుతుంది. మావాళ్లలో ముగ్గురికి 18 నిండాయి, ఒక పాపకు ఆగస్టు చివర్లో నిండుతాయి. ఫ్లోరెన్స్‌లో రాత్రి 9 గంటలకు హాస్టల్‌కు చేరితే, 18 నిండనివాళ్లకు డార్మిటరీలో మంచం ఇవ్వమన్నారు. బుక్ చేసినప్పుడు చిన్న అక్షరాల్లో రాసి ఉందట, ఎవరూ చదవలేదు. లెక్క రాసేటప్పుడే, ఎవరూ ముట్టుకోకూడదని తలా 60 పౌండ్లు వేరే కార్డులో పెట్టుకున్నారు. ఆ డబ్బుతో స్టేషన్ దగ్గర చిన్న హోటల్లో ఒక్క గదిలో నలుగురూ పడుకున్నారు. నాకు 11 గంటలకు ఫోన్ వచ్చింది, అంతా అయ్యాకే. "గది దొరికిందమ్మా, 170 యూరోలు, షీట్‌లో రాసేశాను" అంది.

మీ అబ్బాయి పుట్టినరోజు ప్రయాణానికి ముందో తర్వాతో చూసుకుని, అనుకుంటున్న ప్రతి హాస్టల్‌కూ వయసు రాసి ఈమెయిల్ పెట్టమనండి. వాళ్లు ఇచ్చిన జవాబులు ప్రింట్ తీసి అనుమతి లేఖతో పాటు ఉంచండి.