హీబ్రూ అక్షరాల లెక్కల్ని యూదులు నిజంగా నమ్ముతారా?

హీబ్రూ అక్షరాల్ని అంకెలుగా మార్చి కూడితే బైబిల్లో దాగిన రహస్యాలు బయటపడతాయని మీ పాస్టరుగారు చెప్పారనీ, యూదులూ అలాగే నమ్ముతారా అనీ అడిగారు. నమ్ముతారు గానీ, మీరు విన్న పద్ధతిలో కాదు.

నిజామాబాద్ వైపు నుంచి వెళ్ళిన చాలామందిలాగే నేనూ ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా పనిచేశాను. ఆరేళ్ళు ఒకే పెద్దాయన దగ్గర ఉన్నాను. సబా అని పిలిచేదాన్ని, అంటే తాతయ్య. కీర్తనల పుస్తకం పెట్టి నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. అందులో కీర్తనల సంఖ్యలు అక్షరాల్లోనే ఉంటాయి. అలెఫ్ 1, బేత్ 2, అలా యోద్ వచ్చేసరికి 10. ఆ తర్వాత పదులు, వందలు, చివరి తావ్‌కి 400. యోద్ అలెఫ్ అంటే 11, యోద్ దాలెత్ అంటే 14 అని వేలు పెట్టి చదువుకుంటూ పోయాను. 15 దగ్గర యోద్ హే ఉండాలి కదా, తేత్ వావ్ ఉంది. అచ్చుతప్పేమో అన్నాను. సబా తల అడ్డంగా ఊపారు. యోద్, హే కలిస్తే దేవుని పేరు అవుతుందట. ఆ పేరుని ఉత్త లెక్క కోసం రాయకూడదని 9, 6 కలిపి 15 చేస్తారు. 16కి కూడా అంతే, 9, 7. వాళ్ళ భక్తి ఎలాంటిదో నాకు ఆ ఒక్క అంకె దగ్గరే అర్థమైంది.

ఈ లెక్కని గెమత్రియా అంటారు. హయ్ అంటే జీవం, హేత్ 8, యోద్ 10, మొత్తం 18. అందుకే కానుకలు 18 లెక్కన ఇస్తారు. మా పాప పుట్టినరోజుకి సబా కవర్లో 180 షెకెళ్ళు పెట్టిచ్చారు. ఎహాద్ (ఒక్కడు) 13, అహవా (ప్రేమ) కూడా 13. రెండూ కలిపితే 26, దేవుని నాలుగక్షరాల నామం విలువ సరిగ్గా అంతే. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. దేవుడు ఒక్కడని, ప్రేమించాలని ఆయనకి లెక్క నేర్పలేదు. ముందే నమ్మిన మాట అంకెల్లోనూ కనిపిస్తే మురిసిపోయేవారు, అంతే. ఆదికాండం 14లో అబ్రాము వెంట తీసుకెళ్ళిన 318 మంది నిజానికి ఆయన సేవకుడు ఎలియెజెరు ఒక్కడేనని యూదుల ప్రాచీన గ్రంథం తల్మూదులో ఒక వ్యాఖ్యానం ఉంది. ఆ పేరు విలువ 318.

పిర్కే అవోత్ అనే ప్రాచీన గ్రంథం గెమత్రియాని జ్ఞానానికి నంజుకునే పచ్చడి లాంటిదంటుంది. పచ్చడితోనే కడుపు నింపుకోబోతే ఏమవుతుందో కూడా వాళ్ళ చరిత్రలోనే ఉంది. 17వ శతాబ్దంలో తానే మెస్సీయానని చెప్పుకున్న యూదుడు సబ్బతాయ్ జ్వీ పేరు విలువ 814. షద్దాయ్ అనే దేవుని పేరులోని అక్షరాల పేర్లని విడివిడిగా రాసి కూడినా 814 వస్తుంది. ఆయనే మెస్సీయా అని నమ్మినవాళ్ళు దీన్నీ ఒక రుజువుగా చూపించారు. 1666లో ఆయన ఒట్టోమన్ సుల్తాను ముందు ఇస్లాంలోకి మారిపోయాడు. ఎన్నో కుటుంబాల ఆశలు కూలిపోయాయి.

ఇక బైబిల్ చివరి పుస్తకం ప్రకటన గ్రంథంలో మృగం సంఖ్యగా చెప్పిన 666 సంగతి. నీరో చక్రవర్తి పేరుని హీబ్రూ అక్షరాల్లో ‘నెరోన్ కేసర్’ అని రాస్తే 666 వస్తుంది. చివరి నూన్ (50) తీసేసి ‘నెరో కేసర్’ అంటే 616. ఆ గ్రంథం పాత ప్రతులు కొన్నిట్లో 616 అనే ఉంది. అందుకే అది ఆ కాలపు క్రైస్తవుల్ని హింసించిన రాజు గురించేనని చాలామంది పండితులు అంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది. బార్‌కోడ్‌లో 666 దాగి ఉందనే మాట విని భయపడకండి.