ట్యాపెట్ సౌండ్ పోయింది, బండి స్టార్టింగూ పోయింది

ప్రశ్న: అన్నా, నాది 100 సీసీ బండి, కార్బొరేటర్ మోడల్. రోజూ దాని మీదే రొయ్యల గుంటల కాడికి పోయొస్తుంటా. టిక్ టిక్‌మని ట్యాపెట్ సౌండ్ వస్తుంటే మెకానిక్ వేడి మీదుండగానే స్క్రూ బిగించి సౌండ్ లేకుండా చేశాడు. ఇప్పుడు పొద్దున ఒక్క కిక్కుకే లేస్తుంది గానీ, మధ్యాహ్నం కావలి దాకా పోయి టీకి ఆపితే మళ్లీ ఇరవై కిక్కులు కొట్టాల్సిందే. ఇంట్లోనే సరిచేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అల్లూరు, నెల్లూరు జిల్లా

జవాబు: చేసుకోవచ్చు తమ్ముడూ, బ్రహ్మవిద్యేం కాదు. కాయిల్, కార్బొరేటర్ వల్ల కూడా ఇలా అవుతుంది గానీ, స్క్రూ బిగించాకే మొదలైందంటున్నావు కాబట్టి ముందు ట్యాపెట్లే చూడు. ఇంజిన్‌కు తలుపులాంటి వాల్వ్‌కీ, దాన్ని నొక్కి తెరిచే రాకర్‌కీ మధ్య వెంట్రుకంత సందుండాలి, ట్యాపెట్ స్క్రూతో సరిచేసేది ఆ సందునే. ఇంజిన్ వేడెక్కితే వాల్వ్ కాడ సాగుతుంది, సందు లేకపోతే వాల్వ్ తాను మూసుకునే సీటు మీద పూర్తిగా కూర్చోదు, కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) లీకై చల్లారేదాకా బండి పలకదు. పైగా పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని ఎక్కువగా వదిలించుకునేది సీటుకు ఆనుకున్నప్పుడే, సరిగా మూసుకోకుండా అలాగే నడిపితే దాని అంచు కాలిపోతుంది. సందు ఎక్కువైతే టిక్ టిక్‌మని ముందే చెబుతుంది, తక్కువైతే నోరెత్తదు. అందుకే కాస్త సౌండున్న బండే నయమంటాను నేను.

చల్లారిన ఇంజిన్ మీదే చూడాలి. రోహిణి కార్తెలో అయితే తెల్లారుజామునే, కిక్కు కొట్టకముందే మొదలుపెట్టు. ప్లగ్ తీసి, సెంటర్ స్టాండ్ వేసి, టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకు మెల్లగా తిప్పుతూ మ్యాగ్నెట్ కవర్ మీది చిన్న మూత తీసి లోపలికి చూస్తే, పిస్టన్ పైకొచ్చిందని చెప్పే టి అనే గీత కనబడుతుంది, దాన్ని కవర్ మీది గాటుకు ఎదురుగా తేవాలి. పక్కనే ఎఫ్ గీత కూడా ఉంటుంది, అది ఇగ్నిషన్‌ది, మొదటిసారి నేను దాని దగ్గరే ఆపి గంటసేపు తల పట్టుకున్నా. టి గీత కుదిరాక హెడ్ మీది రెండు ట్యాపెట్ మూతలు తీసి రాకర్లను వేలితో కదిలించు. రెండూ కొద్దిగా ఆడితే సరే, ఒకటి బిగుసుకుని ఉంటే ఇంజిన్‌ని ఇంకో చుట్టు తిప్పి మళ్లీ టి దగ్గర ఆపి చూడు. అప్పుడూ ఆడకపోతే మెకానిక్ బిగింపు అదే.

ఇక ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే పల్చటి రేకు. 100 సీసీ బండ్లకు సాధారణంగా 0.05 నుంచి 0.10 మి.మీ. లోపే చెబుతారు, నీ బండి మాన్యువల్‌లో ఇన్‌లెట్‌కెంత, ఎగ్జాస్ట్‌కెంత అని విడిగా చూసుకో. గడ్డం గీసే బ్లేడు పెట్టి సెట్ చేసేవాళ్లున్నారు, అది 0.1 మి.మీ. మందం, 0.05 అడిగే బండికి రెట్టింపన్నమాట. లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పుతూ గేజ్‌ని లాగి చూడు, పుస్తకంలో దాచిన నెమలీకను లాగితే ఎలా కొద్దిగా పట్టి వస్తుందో అలా రావాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా దాంతో తిరుగుతుంది, అందరూ తప్పు చేసేది ఇక్కడే. స్క్రూని ట్యాపెట్ కీతో కదలకుండా పట్టుకునే నట్టు బిగించి, గేజ్ మళ్లీ పెట్టి చూడు. నాకైతే ఇప్పటికీ మూడోసారికి గానీ కుదరదు.

మూతల కింది రబ్బరు రింగులు గట్టిపడి ఉంటే కొత్తవి వెయ్యి, లేదంటే ఆయిల్ కారుతుంది. ఇంత చేసినా వేడి మీద కంప్రెషన్ రాకపోతే వాల్వ్ అంచు అప్పటికే కాలిందేమో, హెడ్ విప్పించాల్సిందే.

ప్రశ్న: నాది 2015 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. ట్యాపెట్లు ఎన్ని వేల కిలోమీటర్లకోసారి చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, చీమకుర్తి, ప్రకాశం జిల్లా

జవాబు: చూసుకోనక్కర్లేదమ్మా, అందులో ఉన్నవి హైడ్రాలిక్ ట్యాపెట్లు, ఆయిల్ ప్రెషర్‌తో సందును అవే సరిచేసుకుంటాయి. ఎవరైనా ట్యాపెట్ సెట్టింగ్ అని బిల్లు వేస్తే ఏ స్క్రూ తిప్పారో చూపించమని అడగండి. ఆయిల్ మాత్రం టైముకు మార్పించండి.