శుక్లం ముదిరితే మతిమరుపు వస్తుందా?

ప్రశ్న: మా అత్తమ్మకు 72 ఏళ్లు. రెండు కళ్లలోనూ శుక్లాలు. రోజూ చదివే పేపరు మానేసింది. పలకరించిన మనుషుల్ని పోల్చుకోలేకపోతోంది. చెప్పిన మాట మరిచిపోతోంది. ఈ వయసులో ఆపరేషన్ అవసరమా? - ఒక సోదరి, కావలి

జవాబు: అవసరమేనమ్మా. మనిషిని పోల్చుకోలేకపోవడం చూపు వల్లనా, మతి వల్లనా అన్నది శుక్లం ఉండగా తేల్చడం కష్టం. గడియారం బొమ్మ గీయించే జ్ఞాపకశక్తి పరీక్షలో కూడా, చూపు ఆనకపోతే మార్కులు తగ్గుతాయి.

అమెరికాలో 65 దాటిన 3,038 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, శుక్లం తీయించుకున్నవారిలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పు సుమారు 29 శాతం తక్కువగా కనిపించింది. గ్లకోమా (నీటికాసులు) ఆపరేషన్ పోయిన చూపును తిరిగి తేదు; అది చేయించుకున్నవారిలో ఆ తేడా లేదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ కూడా సరిచేయని చూపులోపాన్ని డిమెన్షియా ముప్పుల జాబితాలో చేర్చింది. అలాగని ఆపరేషన్ మతిమరుపుకు మందు అని నేను చెప్పను. కానీ అక్షరాలూ ముఖాలూ అందక పెద్దవాళ్లు ఒక మూల కూర్చుండిపోతుంటే చూడలేను.

మన నెల్లూరు ఎండలకు భయపడి చలికాలం దాకా ఆగకండి, ఇప్పటి ఆపరేషన్‌కు కాలంతో పనిలేదు. షుగర్ ఉంటే రెటీనా (కంటి వెనుక పొర) కూడా చూపించండి. బి12 విటమిన్, థైరాయిడ్ లోపాల వల్ల కూడా మరుపు రావచ్చు, ఆ పరీక్షలు ఇప్పుడే చేయించండి. చూపు వచ్చాక కూడా మరుపు తగ్గకపోతే న్యూరాలజిస్టును కలవండి.